కొత్త అమావాస్య దాకా ఆగని ద్రాక్ష

రాయివలస
(శృంగవరపుకోట దగ్గర)
20 జూన్ 2023

చి. రేఖకు,

మావయ్య నరసింగరావు దీవెనలు. ముందుగా ఈ రాతకి ఏమీ అనుకోకు. నా దస్తూరీ ఎప్పుడూ కోడి గెలికినట్టే ఉండేది. ఇప్పుడు ఆ కోడికి చూపు కూడా తగ్గింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయిన చోట నువ్వే పెట్టుకుని చదువుకో. నేను చదివింది ఐదో తరగతి. అందులో నాలుగోది రెండుసార్లు చదివాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోను మీ అత్త చేతిలో ఉంటుంది. నా వంతు వచ్చేసరికి నాకు 'ఆఁ' తప్ప ఇంకో మాట రాదు. కాగితమైతే నా నోటి వంక చూస్తూ కూర్చోదు.

సంగతి ఏమిటంటే, వేసవిలో నువ్వొచ్చినప్పుడు కొండ కింద మన భూమి చెక్కలో మట్టి చేతిలోకి తీసుకుని, "మావయ్యా, ఇది ద్రాక్షకి బాగుంటుంది" అన్నావు. వైన్ కంపెనీలో తోటలు చూసే మనిషివి, ఊరికే అనవు. ముందు రోజు మీ అత్త "ఆ నాసిక్ మానేసి ఇక్కడికే వచ్చీరాదేటే" అంటే, "నా పనంతా ద్రాక్షతో. ఇక్కడ ద్రాక్షేదీ అత్తా" అన్నావు. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ముసలి జీడిచెట్లు కొట్టించేశాను. రాతి కూసాలు పాతించి తీగ లాగించాను. పందిరి సిద్ధం. ద్రాక్ష ఒక్కటే తక్కువ.

మీ అత్త నడుం మీద చెయ్యేసుకుని చూసింది. "ఏటయ్యా, పందిరేసేవు, పెళ్లెవులికి?" అంది. ద్రాక్షకి అన్నాను. "ద్రాచ్చా? ఈ కొండ కిందా? సరే, సూస్తాను. మూడో కొత్త అమాసకి పండు సూపించకపోతే దొండపాదు ఎక్కించేస్తాను. మరి ఏడవకు" అంది. కొత్త అమావాస్య అంటే ఉగాది ముందు రోజే, లెక్కకి మూడేళ్లు కూడా లేదు. మీ అత్త సుభద్రమ్మ గడువు పెడితే దాటనివ్వదని నీకు తెలుసు. మీ అమ్మ కూర్మమ్మకి ఇంకా బాగా తెలుసు, వదిన అంటే దానికి హడల్.

ఏ రకం వెయ్యాలో రాయి.

నీ మావయ్య


నాసిక్
9 జూలై 2023

మావయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కాసేపు తల పట్టుకున్నాను. మావయ్యా, మట్టి బాగుందని మాట వరసకి అన్నాను. పక్కింటి పిల్లని చూసి ముద్దుగా ఉందంటామే, అలాగ. నువ్వు జీడిచెట్లు కొట్టిస్తావని తెలిస్తే ఆ మట్టి నోట్లో పోసుకుని ఊరుకునేదాన్ని.

డబ్బుల కోసమైతే ఈ పని వద్దు. మేం వైన్ చేసే ద్రాక్ష తినే ద్రాక్ష కాదు. చిన్న పండు, మందం తోలు, నోరంతా గింజలు. బజార్లో ఎవరూ కొనరు. కంపెనీ కొనాలి, లేదా పిట్టలు తినాలి. కంపెనీ ఏ రకం కొంటుందో మట్టి చెప్పదు, సర్కారు కాగితం చెబుతుంది. ఈ రాష్ట్రంలో పండిన ద్రాక్షతో చేస్తే పన్నులో వెసులుబాటు ఉంది. బయటి ద్రాక్షకి అది లేదు. సీసా రాష్ట్రం దాటితే మళ్లీ అనుమతి, మళ్లీ పన్ను. సీసా మీద ఫలానా రకం అని రాస్తే లోపల చాలా భాగం ఆ రకమే ఉండి తీరాలి. అందుకని పేరు చూసి జనం కొనే రకాలే వెయ్యమంటారు. ఇక్కడ ఒక రైతు వాళ్ల నాన్న వేసిన రకం పీకేసి షిరాజ్ అనే నల్ల రకం వేశాడు. అది ఆయన నేలకి నప్పిందని కాదు, ఆ కాగితానికి నప్పిందని.

కాబట్టి రాయివలస ద్రాక్ష ఎంత తియ్యగా ఉన్నా మా గేటు లోపలికి రాదు. పోనీ మన దగ్గరే వైన్ చేద్దామంటే దానికి లైసెన్సు కావాలి. లేకుండా చేస్తే కేసు. ఇవన్నీ కాక మన వైపు వానలకి ఆకు బూజు పడుతుంది.

నీడకే అయితే చెప్పు, తినే రకం రెండు మొక్కలు పంపిస్తాను. అత్తని అడిగానని చెప్పు. కూసాలు పాతేటప్పుడు నడుం పట్టెయ్యలేదు కదా?

రేఖ


రాయివలస
2 ఆగస్టు 2023

చి. రేఖకు,

దీవెనలు. నీ ఉత్తరం అంతా అర్థమైందనుకున్నాను. అక్కడే తప్పు జరిగింది.

లైసెన్సు కావాలని రాశావు కదా. చట్టం దాటి బతికిన వంశం కాదు మనది. ఉతికిన పంచె కట్టుకుని ఊరి సచివాలయానికి వెళ్లాను. వ్యవసాయం చూసే ఆశ్రిత అనే అమ్మాయి ఉంది. "ద్రాక్ష వెయ్యడానికి లైసెన్సు ఇప్పించమ్మా" అన్నాను. ఆ పిల్ల కుర్చీలోంచి పడలేదు గానీ, పడినంత పని చేసింది. "తాతా, వంకాయకి లైసెన్సు అడిగేవా ఎప్పుడైనా? మొక్కెయ్యడానికి ఏటీ అక్కర్లేదు. సారా కాస్తే కావాల" అంది. పింఛను కోసం వచ్చిన వాళ్లంతా విన్నారు. నేను సారా కాయడానికి అనుమతి అడిగానని సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మన వీధి చివర ఎల్లాజీ ఉన్నాడే, ఎక్సైజులో చేసి రిటైరైనవాడు, అరుగు మీంచి కేకేశాడు. "బావా! నాను దిగిపోయేక మొదలెట్టేవేటి? కొంచెం ముందు సెప్తే పట్టుకుందును కదా!" తగిన జవాబు రెండు రోజుల తరవాత తోచింది. అప్పటికి ఆయన అరుగు మీద లేడు.

డబ్బుల కోసం కాదమ్మా. తినే రకం వద్దు. మీ కంపెనీ వేసే రకమే పంపు. తినే రకానికి నీలాంటి మనిషి అక్కర్లేదు కదా. అంతకన్నా రాయడం నాకు చేత కాదు. ముసలాడి మొండితనం అనుకుని పంపించెయ్యి.

నీ మావయ్య


నాసిక్
12 జనవరి 2024

మావయ్యకి,

నీ మొండితనానికి దణ్ణం. షిరాజ్ వేరుమొక్కలు ఆరు, తడి గోనెలో చుట్టి శృంగవరపుకోటకి పార్సిల్ చేశాను. మా నర్సరీలో మిగిలినవి, అడిగే తీసుకున్నాను. వానాకాలంలో మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు కొట్టు.

ఏడాదిన్నర తీగని పందిరి మీద పాకనివ్వు. ఆ తరవాత ఏడాదికి రెండు కత్తిరింపులు. వేసవిలో ఒకటి, కొమ్మ కోసం. దసరా అయ్యాక ఒకటి, కాయ కోసం. దసరా కత్తెరకి కొమ్మకి మూడు నాలుగు కళ్లు (చిగురు వచ్చే కణుపులు) ఉంచు. కత్తెర పడిన నాలుగున్నర నెలలకి పండు.

ఒక్కటే షరతు. పండు వస్తే పిల్లలకి పెట్టు, పిట్టలకి పెట్టు. వైన్ మాత్రం ఎవరడిగినా చెయ్యకు. మొక్కలు మా దగ్గర్నించి వచ్చాయి. నీ మీద కేసైతే నా ఉద్యోగం మీదికీ వస్తుంది.

రేఖ


రాయివలస
3 నవంబరు 2025

చి. రేఖకు,

దీవెనలు. రాసి చాలా రోజులైంది. రాయడానికి ఏమీ లేక. ఆకులు వచ్చాయి, పడ్డాయి, మళ్లీ వచ్చాయి. ఇది ఉత్తరానికి సరిపడే సంగతి కాదు.

ఇప్పుడుంది. దసరా మర్నాడే కత్తెర వేశాను. కొమ్మకి మూడు కళ్లు లెక్కపెట్టుకుని. మీ అత్త చూసి "ఉన్న ఆకు కూడా పీకేసేవా, ఇక దొండకి దారి సులువు" అంది. నిన్నటికి చిగురు వచ్చింది. చిగురు పక్కన ఆవగింజల్లాంటి గుత్తులు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉన్నాయి.

ఆశ్రిత పంట నమోదుకి వచ్చింది. తన ఫోన్లో మన మండలం పంటల్లో ద్రాక్ష కనబడలేదట. మన దగ్గర ఎవరూ వెయ్యరు కదా. "పందిరే కదా తాతా, ప్రస్తుతానికి దొండ అని ఎట్టేస్తన్నాను" అంది. మీ అత్త ఆ రోజంతా భూమ్మీద లేదు. "సూసేవా! ఆఖరికి ఈడ పాకేది దొండే అని సర్కారికి కూడా తెలిసిపోనాది!" నాసిక్‌లో సర్కారు చెప్పిన రకం రైతు వేస్తాడు. ఇక్కడ నేను వేసిన దానికి సర్కారే వేరే రకం రాసుకుంది. నాది కొంచెం నయం.

వైన్ సంగతి బెంగ పెట్టుకోకు. మన ఇంట్లో యంత్రాలేమీ లేవు. రుబ్బురోలు కూడా పగిలిపోయింది.

నీ మావయ్య


రాయివలస
24 ఫిబ్రవరి 2026

చి. రేఖకు,

దీవెనలు. నీ జవాబు రాలేదు. కోతల కాలం, తీరిక ఉండదని మీ అత్త చెప్పింది.

పండ్లు వచ్చాయి. నల్లగా, నేరేడు రంగులో. గుత్తి కోసి అరుగు మీద పెట్టి, మీ అత్తకి చూపించి, ఒకటి నోట్లో వేసుకోబోయాను. సరిగ్గా అప్పుడే దేముడమ్మ వచ్చింది. గుర్తుందా, అమ్మవారి గద్దె తుడిచే ముసలావిడ. నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఓరి నరసింగా! తల నెరిసినాది, బుద్ది నెరవనేదేటిరా? ఊళ్లో ఎన్నడూ పండని పండు, అమ్మోరికి ఎట్టకుండా నువ్వు నోట్లో ఎట్టుకుంటావా?" అంది.

మన ఊరి పద్ధతి నీకు తెలిసిందే. కొత్త కాయ ఏదైనా కొత్త అమావాస్యకి అమ్మవారికి పెట్టాకే మనుషులు తినాలి. మామిడి పిందెలకి ఇబ్బంది లేదు, అప్పటిదాకా చెట్టునే ఉంటాయి. ద్రాక్ష ఉంటుందా? ఒక పక్క గోరింకలు, ఇంకో పక్క కందిరీగలు. వాటికి అమావాస్య లేదు.

"దాసీండి, అమ్మోరి కుండలిస్తాను" అంది దేముడమ్మ. కొత్త చిక్కుడూ కందీ దాచే కుండలు. మీ అత్త గుత్తులన్నీ కోసేసింది. రెండు కుండలే ఉన్నాయి, పళ్లు ఎక్కువున్నాయి. పట్టక చేత్తో అణిచింది. పైన గుడ్డ కట్టి దేవుడి గదిలో పెట్టింది.

ఇప్పుడు ఆ కుండలు మాట్లాడుతున్నాయి. అబద్ధం కాదు. చెవి దగ్గర పెడితే బుసబుసమంటున్నాయి. గుడ్డ ఉబ్బుతోంది. పళ్లకేదైనా తెగులా? లేక నేను ముందే తినబోయానని అమ్మవారికి కోపమా? మీ అత్తని అడిగితే "అమ్మోరు పలుకుతన్నాది, నువ్వు పలక్కు" అంది. అందుకే ఫోనులో అడగలేదు. మందు ఏదైనా ఉంటే రాయి.

నీ మావయ్య


నాసిక్
5 మార్చి 2026

మావయ్యా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. తెగులు కాదు, అమ్మవారూ కాదు. అది వైన్! ద్రాక్షని అణిచి కుండలో పెడితే అదే పులుస్తుంది, యంత్రాలక్కర్లేదు. ఈ ముక్క నేను ముందే రాయాల్సింది, నీకు తెలుసనుకున్నాను. మా కంపెనీ సీసాలో కూడా కొంచెం వేరే రకం కలుస్తుంది మావయ్యా. నువ్వు చేసింది అచ్చం షిరాజ్, అదీ దొండ పందిరి మీద, లైసెన్సు లేకుండా, ఎక్సైజులో చేసినాయన ఉండే వీధిలో!

వెంటనే పారబొయ్యి. అత్తకి ఫోన్ చేశాను. "అమ్మోరి కుండల మీద నోరు సెయ్యకు" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

రేఖ


రాయివలస
21 మార్చి 2026

చి. రేఖకు,

దీవెనలు. నీ స్పీడ్ పోస్టు దారిలో ఎక్కడ పడుందో, అమావాస్యా ఉగాదీ వెళ్లాక నిన్న వచ్చింది. అప్పటికి పారబొయ్యడానికి ఏమీ మిగల్లేదు.

జరిగింది రాస్తాను. కంగారు పడకు, నేను ఇంట్లోనే ఉన్నాను, స్టేషన్లో లేను.

అమావాస్య నాడు డప్పులతో కుండలు గద్దె దగ్గరికి తీసుకెళ్లారు. దేముడమ్మ గుడ్డ విప్పింది. ఆ వాసనకి డప్పుల వాళ్లు వాయించడం ఆపేశారు. పండు కనబడలేదు, ఎర్రటి నీళ్లున్నాయి. నేను వెనక వరసలోకి జరిగాను. దేముడమ్మ కుండలోకి చూసి, నా వంక చూసి, "అమ్మోరికి పండు వద్దంట, పోసే సాకే కావాలంట" అని గద్దె ముందు ధార పోసింది. మిగిలింది అందరికీ అరచేతిలో ప్రసాదం.

ఎల్లాజీ జనాన్ని తోసుకుని వచ్చాడు. చెయ్యి చాపాడు. తాగాడు. కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను.

"బావా, ఎన్నాళ్లు ఊరబెట్టేవు?"

"ఊరబెట్టలేదు బావా. దాసేం."

"సర్వీసంతా కొండెక్కి కుండలు బద్దలుకొట్టేను. ఇలాటి కుండ ఒక్కటీ దొరకలేదు."

"కేసా మరి?"

"డ్యూటీలో ఉంటే కేసు. రిటైరైనోడికి పెసాదం" అని మళ్లీ చెయ్యి చాపాడు. తాగి, చెవి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు. "ఈ ఏటికి అమ్మోరు కాసింది. వచ్చే ఏడు ఇలాగే అయితే నాను రిటైరయ్యేను గానీ నా ఎనకాలోళ్లు అవలేదు. జాగ్రత్త."

నేనూ పుచ్చుకున్నాను. ఈ వయసుకి మొదటిసారి. ప్రసాదం వద్దనకూడదు కదా. పులుపు, వగరు, తరవాత చెవులు వెచ్చబడ్డాయి. ఆ తరవాత నేను మాట్లాడానట. గద్దె మెట్టు మీద కూర్చుని ఆపకుండా మాట్లాడానట, ఊరంతా కూర్చుని విన్నారట. ఏం మాట్లాడానని అడిగితే మీ అత్త చెప్పదు. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. ఏదో పెద్ద తప్పే కూసి ఉంటాను. మూడు రోజులుగా వీధిలోకి వెళ్లడం లేదు.

గడువు సంగతి అడిగాను. "అమాస నాడు పండు సూపించమన్నాను, తాగించమన్నేదు. ఇంకొక్క ఏడు సూస్తాను. వచ్చే అమాసకి పండు పండులాగే గద్దె మీదుండాల. నేకపోతే దొండే" అంది.

ఇక కుండల్లో పెట్టేది లేదు. చెట్టు మీద ఆగేదీ లేదు. సరిగ్గా కొత్త అమావాస్యకి పండే రకం ఏదైనా ఉంటే పంపు. అక్కడ మీరు పన్ను చూసి రకం వేస్తారు. మాకు అమావాస్య చూసి వెయ్యాల్సి వచ్చింది.

నీ మావయ్య


నాసిక్
6 ఏప్రిల్ 2026

మావయ్యకి,

గద్దె దగ్గర నువ్వేం మాట్లాడావో అత్త ఫోన్లో చెప్పింది.  "కంపెనీ రకం వేస్తే కంపెనీ మనిషి వస్తాదనుకున్నాను. మా కూర్మమ్మ పిల్ల వచ్చి ఈ పందిరి కింద నిలబడి ఇది తప్పు, అది తప్పు అని తిడుతుంటే వినాలని ఉన్నాది" అన్నావట. ఒకటికి పదిసార్లు అదే అన్నావట.

నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు. నా రెండు మాటలు పక్కపక్కన పెట్టుకున్నానని. నేను ఆ ముక్క దాటేసి పన్నుల గురించి పాఠం చెప్పాను. నీకు డబ్బాశ పుట్టిందనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, కాగితం మీద ఉన్నది కనబడలేదు.

ఉద్యోగం మానేసి వచ్చేస్తానని రాయలేను. అబద్ధమవుతుంది. కానీ ఒకటి విను. రకం మార్చక్కర్లేదు. పండు ఎప్పుడు పండాలో చెప్పేది కత్తెర. వచ్చే ఏడు కొత్త అమావాస్య ఏప్రిల్ మొదట్లో పడింది. అక్కణ్ణించి నాలుగున్నర నెలలు వెనక్కి వస్తే కార్తీకంలో కత్తెర పడాలి. ఆ కత్తెరకి నేను వస్తాను. సెలవు ఇప్పుడే అడిగాను. ప్రతి ఏడూ అమావాస్య ఎప్పుడో చూసుకుని వస్తాను, ఇకనించి నాకు పంచాంగమూ ఒక సర్కారు కాగితమే.

ఈ వేసవి కత్తిరింపు మాత్రం నువ్వే కానిచ్చెయ్యి. నీకు చేతనవునుగా. కళ్లు లెక్కపెట్టి ఎంత బాగా వేశావో గుత్తులే చెప్పాయి.

రేఖ


రాయివలస
20 ఏప్రిల్ 2026

చి. రేఖకు,

దీవెనలు. నీ ఉత్తరం అందింది. అంత మాటన్నానా? ఆ కుండ అన్నదాన్ని నా మీద పెట్టకు.

కార్తీకంలో వస్తానన్నావు, చాలా సంతోషం. మీ అత్త అప్పుడే నీ మంచం ఎండలో వేసింది. కార్తీకం ఎక్కడుంది, ఎండ ఎక్కడుంది అని అడిగే ధైర్యం నాకు లేదు.

కానీ వేసవి కత్తిరింపు నాకు రాదమ్మా. దసరాకి వేసింది ఏదో గుడ్డిగా పడింది. ఎన్ని కళ్లు ఉంచానో కూడా గుర్తు లేదు. కత్తెర ఎక్కడ పెట్టానో కూడా తెలియదు. ఉత్తరంలో రాస్తే బుర్రకెక్కదు, నాలుగో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి. ఎవరైనా పక్కన నిలబడి ఇది తప్పు, అది తప్పు అంటే తప్ప చెయ్యలేను. ఏడాదికి రెండు కత్తిరింపులని నువ్వే రాశావు. కాబట్టి రెండుసార్లూ నువ్వే రావాలి. తప్పదు. మొక్క సంగతి కదా.

మీ అత్త ఈ ముక్కలు నా భుజం మీంచి కూడబలుక్కుని చదువుతోంది. "ఓలమ్మా, ఎంత నంగనాచి! నిన్ననే కత్తెర సానబట్టి, నూనె రాసి, అటకెక్కించినాడు. పక్కూరోళ్లకి మల్లెపాదు ఎలా కొయ్యాలో సెప్పొచ్చినాడు కూడా" అంటోంది. దాని మాట నమ్మకు. అది దొండ పార్టీ.

ఆలస్యమైతే తీగ పాడవుతుందట, ఈ ఒక్కటి మాత్రం గుర్తుంది. విజయనగరంలో దిగుతావో, కొత్తవలసలో దిగుతావో రాస్తే ఎల్లాజీ ఆటో మాట్లాడతానన్నాడు. కోడి గీతలు చూసి విసుక్కోకుండా జవాబు త్వరగా రాయి తల్లీ.

నీ మావయ్య
నరసింగరావు